ఎనిమిదో రోజు

మైకు కొంచెం కిందికి దించు నాయనా. చాలు, చాలు.

అందరికీ నమస్కారం. నాకు ప్రసంగాలు అలవాటు లేదు. మేడం ఫోన్ చేసి "అక్కా, మా కేర్‌టేకర్ కోర్సు పిల్లలతో ఒక గంట మాట్లాడాలి" అంటే, గంటసేపు నా మాట ఎవరు వింటారు మేడం, ఇన్నేళ్ళూ నేను మాట్లాడింది మాట పడిపోయిన వాళ్ళతోనే కదా, వాళ్ళకైతే లేచి వెళ్ళిపోయే వీలు లేదు అన్నాను. మీకు ఆ వీలుంది. వెనక తలుపు తెరిచే ఉంది. (నవ్వులు)

ఇందాక నన్ను పరిచయం చేస్తూ "2011 నుంచి పెద్దవాళ్ళకు సేవ చేస్తున్న తల్లి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ నాకు ఆ మాట దగ్గరే కొంచెం పేచీ ఉంది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన తిరుపతిలో సేవ అంటే మామూలు మాట కాదు. తెల్లవారుజామున సుప్రభాత సేవతో మొదలై రాత్రి ఏకాంత సేవ దాకా కొండమీద జరిగేదంతా సేవే. 2000లో టీటీడీ శ్రీవారి సేవ మొదలుపెట్టినప్పటి నుంచి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో జనం సొంత చార్జీలు పెట్టుకుని వచ్చి, కండువా వేసుకుని, క్యూలైన్లలో నీళ్ళిచ్చి, అన్నప్రసాదం వడ్డించి, కూరగాయలు తరిగి పోతుంటారు. నేనూ మొక్కుకుని ఒకసారి చేశాను. వారం రోజులు. కాళ్ళు వాచిపోయాయి గానీ మనసు ఎంత తేలికైందో చెప్పలేను. ఎనిమిదో రోజు బస్సెక్కి కిందికి దిగి ఇంట్లో పడుకుని పదిగంటలు నిద్రపోయాను.

మన పనిలో ఎనిమిదో రోజు కూడా పేషెంటుకు డైపర్ మార్చాలి. ఎనభయ్యో రోజు కూడా. మరి ఎనిమిదో రోజు ఎవరు పడుకుంటారు, ఎవరు మేలుకుంటారు, దానికి లెక్క ఏంది? సేవ అనేసరికి ఆ లెక్క అడగడానికి నోరు రాదు. అడిగినామా, "ఏమ్మా, అంత డబ్బు మనిషివా" అంటారు. అందుకే నాకు ఆ మాటంటే భయం.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది పాకాల పక్కన పల్లె. వేరుశెనగ సేద్యం, వానల్లేక రెండు బోర్లు ఎండిపోయి అప్పులు. ఆయన పోయాక పిల్లను తీసుకుని తిరుపతికి వచ్చి ఒక నర్సింగ్ హోంలో ఆయాగా చేరాను. ఊడ్చడం, తుడవడం, బెడ్‌పాన్ అందించడం. పదో తరగతి తప్పినదాన్ని, అంతకన్నా పెద్ద పని ఎవరిస్తారు. అక్కడ పక్షవాతంతో వచ్చిన ఒక పెద్దాయన డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆయన కోడలు నన్ను పక్కకు పిలిచి "మా ఇంటికొచ్చి చూసుకుంటావా" అంది. అంతే, అదే నా ట్రైనింగు, అదే నా ఇంటర్వ్యూ.

ఆ పెద్దాయన రైల్వేలో రిటైరైన మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మంచి ఒడ్డూపొడుగూ. మొదటి వారం నేను ఆయన్ని ఎలా లేపేదాన్నో తెలుసా, కుడిచెయ్యి పట్టుకుని గట్టిగా లాగేదాన్ని. పడిపోయిన వైపే కదా సాయం కావాలి అని నా తెలివి. నాలుగు రోజులకు ఆ భుజం తాకనిచ్చేవాడు కాదు. మాట రాదు పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి వచ్చి చూసి, "అక్కా, నువ్వేనా ఇది చేసింది" అన్నాడు. కోప్పడలేదు, కూర్చోబెట్టి చెప్పాడు. పక్షవాతం వచ్చిన చెయ్యికి భుజం దగ్గర కండరాలు పట్టు వదిలేస్తాయట, చెయ్యి బరువుకే కీలు జారుతుంటుంది, దాన్ని నువ్వు తాడు లాగినట్టు లాగితే ఇంకేం మిగులుతుంది అన్నాడు. ఆ రోజు నుంచి నడుం దగ్గర బెల్టు పట్టుకుని లేపడం, కుర్చీని ఎప్పుడూ బాగున్న కాలి వైపు పెట్టడం, లేపేటప్పుడు నా నడుం వంచకుండా మోకాళ్ళు వంచడం, ఇవన్నీ ఆ అబ్బాయి దగ్గరే నేర్చుకున్నాను. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. ఇంత చిన్న విషయం. ఇది తెలియక నేను ఒక మనిషిని నాలుగు రోజులు ఏడిపించాను. నాకు అప్పుడు ప్రేమ లేకనా? బోలెడు ఉంది, ఆయన్ని చూస్తే మా నాయన గుర్తొచ్చేవాడు. ప్రేమతోనే లాగాను ఆ చెయ్యి.

అందుకని ఎవరైనా "ఈ పనికి ఏముందమ్మా, ఓపిక, ప్రేమ ఉంటే చాలు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తుంటి విరిగిన ఒక అవ్వ ఉండేది, మన కొర్లగుంట వైపు. మన జిల్లాలో ఎముక విరిగిందంటే ముందు గుర్తొచ్చేది పుత్తూరు నాటువైద్యుల కట్టే కదా, నా చిన్నప్పుడు నా మణికట్టుకు కూడా వేయించారు. కానీ డెబ్బై దాటినవాళ్ళకు తుంటి విరిగితే వీలైనంత తొందరగా ఆపరేషన్ చేసి లేపి కూర్చోబెట్టాలని డాక్టర్లు అంటారు, ఎందుకంటే వాళ్ళకు ఎముక కంటే మంచమే పెద్ద శత్రువు. ఈ అవ్వను ఇంట్లోవాళ్ళు భయపడి ఆపరేషన్ వద్దనుకుని నెలా పదిహేను రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. కదిపితే నొప్పి అని ఎవరూ కదపలేదు, అదీ ప్రేమే. నేను వెళ్ళిన రోజు పక్కకు తిప్పి చూస్తే తోకఎముక దగ్గర నా పిడికిలి పట్టేంత పుండు. ఇంట్లోవాళ్ళు ఎవరూ అప్పటిదాకా అది చూడలేదు, వాసన వస్తోంది అని అగరొత్తులు వెలిగిస్తున్నారు.

బెడ్‌సోర్ గురించి మీకు క్లాసులో చెప్పే ఉంటారు, రెండు గంటలకోసారి తిప్పాలని. నేను క్లాసులో చెప్పని మాట ఒకటి చెప్తాను. పుస్తకంలో "చర్మం ఎర్రబడితే జాగ్రత్త" అని రాసి ఉంటుంది. మన రంగుకు ఎరుపు ఎక్కడ కనబడుతుందమ్మా? తెల్లతోలు వాళ్ళను చూసి రాసిన మాట అది. మన వాళ్ళకు చేత్తో చూడాలి. తోకఎముక, తుంటి, మడమలు, చీలమండలు, భుజం రెక్కలు, తల వెనక, ఈ చోట్ల చేతి వెనక వైపు ఆనించి చూస్తే పక్క చర్మం కంటే వేడిగా ఉంటుంది, లేదంటే గట్టిపడి ఉంటుంది, రంగు కొంచెం ఊదాగా నల్లబడుతుంది. పగటి వెలుతురులో చూడండి, ట్యూబులైటు కింద తెలియదు. తేడాగా ఉన్న చోట నూనె పెట్టి మర్దన చేస్తారు కొందరు, వద్దు, లోపల దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటి దిండు కూడా వద్దు, చిల్లు చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. మడమల కింద ఏమీ తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి, మడమ గాల్లో ఉండాలి. ఇంకోటి, ఎయిర్ బెడ్ కొన్నాం కదా ఇంక తిప్పక్కర్లేదు అంటారు ఇంట్లోవాళ్ళు. ఎయిర్ బెడ్ వేసినా తిప్పాల్సిందే. కరెంటు పోతే అది ఉత్త ప్లాస్టిక్ పట్ట.

ఆ అవ్వ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. డ్రెస్సింగ్ చేసింది నర్సమ్మ, నేను కాదు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. మనల్ని పంపే ఏజెన్సీలు కొన్ని "హోమ్ నర్స్" అని చెప్పి పంపిస్తాయి. నర్స్ అంటే జీఎన్‌ఎమ్మో బీఎస్సీ నర్సింగో చదివి నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయినవాళ్ళు. మనం కాదు. యూరిన్ పైపు వేయడం, ముక్కులో గొట్టం మార్చడం, సెలైన్ ఎక్కించడం మన పని కాదు, ఇంట్లోవాళ్ళు ఎంత బతిమాలినా సరే. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుం కంటే కిందే ఉంచడం మన పని, వీల్‌చైర్లో తోసేటప్పుడు ఒళ్ళో పెట్టేస్తారు చూడండి, ఆ యూరిన్ వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. ముక్కు గొట్టంలో పాలు పోసేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉంచడం, పోశాక అరగంటైనా పడుకోబెట్టకపోవడం మన పని. మన పని చిన్నది కాదు, అయితే దానికి గట్టు ఉంది. గట్టు దాటితే నష్టం జరిగేది పేషెంటుకు, పోలీసు స్టేషన్‌లో కూర్చునేది మనం.

తిండి విషయం. ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు. (నవ్వులు) పక్షవాతం వచ్చినవాళ్ళకు చాలామందికి మింగడం కష్టమవుతుంది. ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు, గట్టి తిండి వద్దు, నీళ్ళలాంటివి ఇద్దాం అనుకుంటారు. అసలు నీళ్ళే ప్రమాదం. నీళ్ళు జారినంత వేగంగా వాళ్ళ గొంతు మూసుకోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అక్కడి నుంచి నిమోనియా. మంచినీళ్ళకు దగ్గే పెద్దాయనకు చిక్కటి రాగిజావ పట్టిస్తే దగ్గడు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం ఛాతీ వైపు దించి, చిన్న చెంచాతో, బాగున్న వైపు బుగ్గలో పెట్టి, మింగాడా లేదా చూసి అప్పుడు రెండో చెంచా. తిన్నాక నోట్లో ఒక వేలు గుడ్డ చుట్టి చూడండి, పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద అలాగే దాక్కుని ఉంటుంది. తిన్న తర్వాత గొంతు గరగరమంటూ తడిగా వినిపిస్తే డాక్టరుకు చెప్పాలి. మా పెద్దాయనకు సంగటీ ఊరిబిండీ అంటే ప్రాణం. ఆరు నెలలు జావే. థెరపీ అబ్బాయి సరేనన్న రోజు మెత్తగా కెలికిన సంగటి గోలీ అంత ముద్ద చేసి పెట్టాను. ఆయన మింగి, ఎడమ చేత్తో నా చెంప మీద తట్టాడు. దానికి నాకు ఎవరూ బోనస్ ఇవ్వలేదు, వద్దు కూడా.

స్నానం గురించి తొందరగా చెప్పేస్తాను, ఇందులో ఎక్కువ మాట్లాడటానికి లేదు. నీళ్ళు మోచేత్తో చూడండి, షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ ఉండదు, కాలినా తెలియదు. ఆడవాళ్ళకు ముందు నుంచి వెనక్కి తుడవండి. ఒళ్ళంతా ఒకేసారి విప్పకండి, ఎక్కడ తుడుస్తున్నామో అంతే తీసి మిగతాది తువ్వాలుతో కప్పండి. ముట్టుకునే ముందు చెప్పండి, స్పృహ లేనివాళ్ళకు కూడా చెప్పండి.

ఇప్పుడు మతిమరుపు అవ్వ. ఈమె బైరాగిపట్టెడలో ఉండేది, కొడుకు బ్యాంకులో పెద్ద ఉద్యోగం. అల్జీమర్స్. పగలంతా బంగారం. సాయంత్రం ఐదున్నర కాగానే చీరె కొంగు బిగించి "ఇంటికి పోవాల, పుత్తూరు బస్సు వెళ్ళిపోతాది" అని గేటు దగ్గరికి. ఆ పుత్తూరు ఇల్లు అమ్మేసి ఇరవై ఏళ్ళయింది. కొడుకు ఏం చేసేవాడంటే, రోజూ కూర్చోబెట్టి "అమ్మా, ఆ ఇల్లు లేదు, నాయన చనిపోయాడు, నువ్వు ఉండేది ఇక్కడే" అని చెప్పేవాడు. నిజమే చెప్పేవాడు. ఆమె ప్రతిరోజూ మొగుడు పోయిన వార్త కొత్తగా విని ఏడ్చేది. రోజూ ఒక చావు ఆ ఇంట్లో. నేను రెండు రోజులు చూసి మూడో రోజు "పదవ్వా, బస్టాండుకు పోదాం" అని చేతిసంచి ఇచ్చి బయటికి తీసుకొచ్చాను. వీధి చివర అరుగు మీద కూర్చున్నాం. "బస్సు ఇంకా రాలేదవ్వా, పుత్తూరులో మీ ఇంట్లో ఏమేం చెట్లుండేవి?" అన్నాను. చెప్పింది. మామిడి, నిమ్మ, కనకాంబరాలు. అరగంటకు చీకటి పడింది, చలి అంది, ఇంటికి పోదాం అంది. ఈసారి ఇల్లంటే ఇదే. కొడుకు గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "అబద్ధం చెప్పావు కదమ్మా" అన్నాడు. చెప్పాను సార్, అన్నాను.

దీన్ని సాయంకాలం గాబరా అంటాను నేను, డాక్టర్లు ఇంకేదో పేరు చెప్తారు. పొద్దుగూకే వేళ ఎక్కువవుతుంది. లైట్లు ముందే వేసేయండి, టీవీలో అరుపులు తగ్గించండి, మూత్రం వస్తోందేమో, దాహమేమో చూడండి. అన్నిటికన్నా ముందు, వాదించకండి.

ఇంతసేపూ పనితనం గురించే ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు రాత్రి గురించి చెప్పాలి కాబట్టి.

24 గంటల డ్యూటీ అంటారు మన దగ్గర. అంటే పేషెంటు ఇంట్లోనే ఉండటం, ఆ మంచం పక్కనే చాప. పన్నెండు గంటల డ్యూటీకి ఇచ్చే దానికి ఒక నాలుగైదు వేలు ఎక్కువ పారేస్తారు, గంటలు మాత్రం రెట్టింపు. ఆ అవ్వ పుండు మానే రోజుల్లో నేను రాత్రి పదకొండుకు, ఒంటిగంటకు, మూడింటికి, ఐదింటికి లేచి తిప్పేదాన్ని. ఐదు నెలలు. పగలు కాసేపు కన్నుమూస్తే కోడలు గిన్నెలు చప్పుడు చేసేది. ఒకరోజు పొద్దున షుగర్ మాత్ర వేసి, నీళ్ళిచ్చి, పది నిమిషాల తర్వాత మళ్ళీ అదే మాత్ర చింపి చేతిలో పెట్టుకున్నాను. అవ్వ నోరు తెరిచింది కూడా, పాపం. స్ట్రిప్పులో రెండు గుంటలు ఖాళీగా కనబడి ఆగిపోయాను. చేతులు వణికాయి. రెండోది కూడా వేసుంటే షుగర్ పడిపోయి ఏమయ్యేదో. ఆ రోజే ఒక నోటుబుక్కు కొన్నాను. మాత్ర వేసిన టైము, తిప్పిన టైము, మోషన్, యూరిన్, తిన్నది, అన్నీ రాస్తాను. ఆ నోటుబుక్కులు నా దగ్గర పెద్ద కట్ట ఉంది.

సాయంత్రం ఇంట్లోవాళ్ళతో కూర్చుని చెప్పాను, నాకు రాత్రి నిద్ర కావాలి, ఇంకొకరిని పెట్టండి, లేదా మీలో ఎవరైనా రెండుసార్లు లేవండి అని. కొడుకు ఏమన్నాడో తెలుసా. "మేము నిన్ను ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నాం కదా!" ఇంట్లో మనిషినైతే నా గ్లాసు విడిగా ఎందుకుంది సార్ అని అడగాల్సింది. అడగలేదు. బాత్రూం కిటికీలో ఒక స్టీలు గ్లాసు, ఒక పళ్ళెం, నావి. ఆ తల్లి ఒంటి మీద నేను తాకని చోటు లేదు, నా గ్లాసు మాత్రం వాళ్ళ గ్లాసుల్లో కలవకూడదు. చేరిన రోజే ఇంటిపేరు అడిగారు, అప్పుడు తెలియలేదు ఎందుకో.

మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, అది నెట్‌లో ఒక అమెరికా కేసు చూసి నాకు చదివి వినిపించింది. ఎవెలిన్ కోక్ అని జమైకా నుంచి న్యూయార్క్‌కు వలస పోయిన ఒకామె, మనలాగే ఇళ్ళల్లో ముసలివాళ్ళను చూసుకునే పని. రోజులకు రోజులు ఆ ఇళ్ళల్లోనే ఉండేది, ఎక్కువ గంటలకు ఎక్కువ డబ్బు ఇవ్వలేదు. కోర్టుకు పోయింది. అక్కడ ఏమైందంటే, 1974లో వాళ్ళు ఇంటి పనివాళ్ళను కనీస వేతనాల చట్టం కిందికి తెచ్చినప్పుడు, ముసలివాళ్ళకు "తోడుగా" ఉండేవాళ్ళను మాత్రం బయట పెట్టేశారు. తోడు! పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు కదా, వాళ్ళకు గంటల లెక్క ఎందుకు అని. ఆ ఒక్క మాట కిందికి అందరినీ తోసేశారు, ఎత్తేవాళ్ళను, కడిగేవాళ్ళను, తిప్పేవాళ్ళను. 2007లో అక్కడి సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా ఆమెకు రాదు పొమ్మన్నారు. తర్వాత 2013లో ప్రభుత్వం రూలు మార్చింది, 2015 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పుదామని 2025లో అక్కడి కార్మిక శాఖ ప్రతిపాదన పెట్టింది. మా అమ్మాయి చదువుతుంటే నాకు ఒక్కటే అనిపించింది, వాళ్ళ తోడు, మన సేవ, రెండూ అక్కచెల్లెళ్ళే. అంత తియ్యటి మాట ఎవరైనా అన్నప్పుడు జీతం చీటీ మీద ఒక కన్ను వేయండి.

మన దగ్గర ఏముంది అంటే, ఇంటి పనివాళ్ళకంటూ దేశం మొత్తానికి విడిగా ఒక చట్టం లేదు. చట్టం సంగతి ఆలోచించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అది వచ్చేదాకా చేతిలో ఉన్నవి వాడుకోండి. ఈ-శ్రమ్ కార్డు, అంటే మనలాంటి అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే కార్డు, 2021 నుంచి ఉంది, 16 నుంచి 59 ఏళ్ళ లోపు వాళ్ళు చేయించుకోవచ్చు, చేయించుకోండి. పనిచేసే ఇంట్లో ఎవరైనా చెయ్యి వేస్తే, మాట తప్పుగా మాట్లాడితే, 2013లో వచ్చిన లైంగిక వేధింపుల చట్టం ఇంట్లో పనిచేసేవాళ్ళకు కూడా వర్తిస్తుంది, జిల్లాలో కమిటీ ఉంటుంది, మూడు నెలల లోపల రాసివ్వాలి. ఇది సిగ్గుపడి దాచుకునే విషయం కాదు. నాకూ జరిగింది, పేషెంటు కాదు, పేషెంటు అల్లుడు. నేను ఆ రోజే బ్యాగు సర్దుకుని వచ్చేశాను, చట్టం సంగతి అప్పుడు తెలియదు.

డబ్బు. ఒక ఏజెన్సీ నన్ను ఒక ఇంటికి పంపింది, ఆరు నెలల తర్వాత మాటల్లో తేలింది, ఆ ఇంటివాళ్ళు నెలకు 24,000 కడుతున్నారు, నా చేతికి వచ్చేది 16,000. ఎనిమిది వేలు దేనికి? "మేం రీప్లేస్‌మెంట్ ఇస్తాం కదా" అన్నారు. గంగమ్మ జాతరకు రెండు రోజులు సెలవడిగితే ఆ రీప్లేస్‌మెంట్ రాలేదు. ఏజెన్సీలు అన్నీ చెడ్డవని అనను, పోలీసు వెరిఫికేషన్ చేయించి, గొడవ జరిగితే మన వైపు నిలబడేవాళ్ళూ ఉన్నారు. కానీ ఇంటివాళ్ళు ఎంత కడుతున్నారో, నాకు ఎంత వస్తుందో కాగితం మీద చూపించమని అడగండి. చూపించకపోతే మీకు సగం జవాబు దొరికినట్టే.

ఇంకొక ఇంట్లో పెద్దాయన పోయాడు. నెల మధ్యలో. పదకొండు రోజుల జీతం రావాలి. శవం ఇంట్లో ఉండగా డబ్బు ఎలా అడుగుతాం? పెద్దకర్మ అయ్యాక రమ్మన్నారు, వెళ్తే అందరూ ఊళ్ళకు వెళ్ళిపోయారు. అందుకని ఇప్పుడు నేను చేరేటప్పుడే చెప్తాను, వారానికి ఒకసారి జీతం, పదిహేను రోజులకైనా సరే. అలాగే చేరకముందు ఒకసారి వెళ్ళి పేషెంటును చూస్తాను. బరువెంత, ఎత్తడానికి రెండో మనిషి ఉన్నారా, రాత్రి ఎన్నిసార్లు లేవాలి, నేను ఎక్కడ పడుకోవాలి, వారంలో ఏ రోజు నాది. ఈ ప్రశ్నలకు మొహం ముడుచుకునే ఇళ్ళుంటాయి, అక్కడ చేరను. నాకు ఇప్పుడు ఆ ధైర్యం ఉంది, మీకు మొదటి ఏడాది ఉండదు, నాకూ లేదు.

కుటుంబాలవాళ్ళు కూడా వచ్చారని మేడం చెప్పారు. మీ కష్టం నాకు తెలియదనుకోకండి. కూతురు ఉద్యోగం, కొడుకు బెంగళూరు, ఇంట్లో ముసలాయన పెన్షన్ మొత్తం నాకే ఇచ్చే ఇళ్ళు చూశాను. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది. డాక్టర్ల సర్టిఫికెట్ కావాలి, సచివాలయంలో అడగండి, వస్తుందని తెలియనివాళ్ళు ఇంకా ఉన్నారు. పెద్దవాళ్ళ సమస్య ఏదైనా సరే 14567కు ఫోన్ చేయొచ్చు, ఉచితం. ఈ మాట పెద్దవాళ్ళకు కూడా వినిపించండి, పిల్లలు చూడకపోతే 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చని. ఇది చెప్తే కొన్ని ఇళ్ళల్లో నన్ను మళ్ళీ పిలవలేదు. (నవ్వులు)

సరే, ప్రశ్నలు అడగండి అంటున్నారు.

ఆ పచ్చ చున్నీ అమ్మాయి. కువైట్‌కు వెళ్ళొచ్చా అంటోంది. మన వైపు నుంచి, కడప వైపు నుంచి వెళ్ళినవాళ్ళు ఎంతమందో, మా పిన్నమ్మ కూతురే ఏడేళ్ళు చేసింది. పదో తరగతి లేని పాస్‌పోర్టుకు ఈసీఆర్ అని ఉంటుంది, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని, దానిమీద ఇంటి పనికి గల్ఫ్ పోవాలంటే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. నీకు ఎన్నేళ్ళు? ఇరవై రెండా. విజిటింగ్ వీసా మీద పంపిస్తాను, అక్కడికి పోయాక మారుస్తాను అని ఎవరైనా చెప్తే ఆ మనిషి ఫోన్ నంబరు డిలీట్ చెయ్యి. ముందు ఇక్కడ రెండేళ్ళు పని నేర్చుకో, పది పూర్తి చెయ్యి.

మగ పేషెంట్లను చూడొచ్చా? నేను చూస్తాను. మగ కేర్‌టేకర్లు మన ఊళ్ళో తక్కువ, ఇంకా మంది రావాలి, ఎత్తే పనికి బలం కావాలి కదా. నీకు ఇబ్బందిగా ఉంటే చేరేముందే వద్దని చెప్పు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

వెనక... గట్టిగా చెప్పమ్మా. "ఊళ్ళో మీ అమ్మను ఎవరు చూసుకున్నారు?"

(కొంతసేపు మౌనం)

మా వదిన. మా అమ్మ మూడేళ్ళు మంచంలో ఉంది, చివరి ఏడాది ఏమీ తెలిసేది కాదు. నేను ఇక్కడ వేరేవాళ్ళ అమ్మను తిప్పుతుంటే అక్కడ మా వదిన మా అమ్మను తిప్పేది. నేను నెలకు నాలుగు వేలు పంపేదాన్ని, మందులకు కాదు, మందులకు వేరే. ఆ నాలుగు వేలు వదినకు. ఊళ్ళో నవ్వారు. అత్తను చూసినందుకు కోడలికి జీతమా, ఇదేం చోద్యం అని మా అన్నే గొడవ పెట్టుకున్నాడు, పరువు తీశావన్నాడు. వదిన మాత్రం మొదటి నెల డబ్బు రాగానే ఫోన్ చేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆదివారం ఆదివారం నువ్వు వస్తే నేను మా పుట్టింటికి పోయొస్తా" అంది. నెలకు రెండు ఆదివారాలు వెళ్ళేదాన్ని, లెక్క ప్రకారం నాలుగు వెళ్ళాలి, బాకీ పడ్డాను.

అమ్మ పోయినప్పుడు ఒంటి మీద ఒక్క పుండు లేదు. మూడేళ్ళు మంచంలో ఉన్న మనిషికి. స్నానం చేయించిన ముత్తయిదువులు ఆశ్చర్యపోయారు.

మీ బ్యాచ్‌లోనే ఉంది మా వదిన, మూడో వరసలో కిటికీ పక్కన. ఎవరూ చెప్పకుండానే మడమ గాల్లో పెట్టడం కనిపెట్టిన మనిషి. ఇంకేమైనా అడగాలంటే ఆమెను అడగండి, నాకు డ్యూటీ టైమైంది, ఏడున్నరకల్లా వెళ్ళి పగటి డ్యూటీ ఆమెను ఇంటికి పంపాలి, ఆమె పొద్దున్నుంచి ఉంది.